దరఖాస్తుకు ముందు మూడేళ్లు

వేసవి సెలవులు అనగానే మన ఇళ్లలో ఒక పాత చిత్రం కళ్లకు కడుతుంది. అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, మధ్యాహ్నపు నిద్ర, వెన్నెల్లో ఆటలు. ఈ చిత్రాన్ని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. పది నెలలు పుస్తకాల బరువు మోసిన పిల్లలకు విశ్రాంతి కావలసినదే. కాని ఇటీవలి సంవత్సరాలలో వేసవికి మరొక ఉపయోగం కూడా ఏర్పడినది. ఉన్నత పాఠశాలలో చదివే బాలబాలికలను దేశం నలుమూలల నుండి పోటీమీద ఎంపిక చేసి, పెద్ద పరిశోధన సంస్థలకు రప్పించి, కొన్ని వారాలపాటు శాస్త్రజ్ఞుల నడుమ ఉంచే కార్యక్రమాలు వచ్చినవి. ఇటువంటి కార్యక్రమానికి మన పిల్లలు దరఖాస్తు చేసుకోవడం ఎట్లా, అందుకు ఎప్పటి నుండి సిద్ధపడవలెను, అందులో తల్లిదండ్రుల పాత్ర ఏమిటి అన్న విషయాలను ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

చిన్న వయసులోనే శాస్త్రాభిరుచి గల విద్యార్థిని గుర్తించాలన్న ఆలోచన మనకు కొత్త కాదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 1963లో జాతీయ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పథకాన్ని ఆరంభించినది. ఆ మొదటి సంవత్సరం అది ఢిల్లీకే పరిమితమై, పది మందికి మాత్రమే ఉపకార వేతనాలు లభించినవి. మరుసటి ఏడు, అంటే 1964లో, ఆ పథకం దేశమంతటికీ విస్తరించి 350 మందికి వేతనాలు ఇచ్చినది. అందులో గమనించదగిన అంశం ఒకటున్నది. విద్యార్థి వ్రాతపరీక్షకు కూర్చుంటే చాలదు. తాను స్వయంగా చేసిన పనిని గురించి ఒక నివేదిక కూడా సమర్పించవలెను. ఆ పైన మౌఖిక పరీక్ష. చదివినది ఎంత అన్న ప్రశ్నతోపాటు చేసినది ఏమిటి అన్న ప్రశ్న ఆనాడే పుట్టినదన్నమాట. 1976లో ఆ పథకం పేరూ స్వరూపమూ మారినవి గాని, ఆ రెండవ ప్రశ్న మాత్రం మారలేదు. నేటి వేసవి కార్యక్రమాలన్నీ ఏదో ఒక రూపంలో అడుగుతున్నది దానినే.

అమెరికాలో 1984లో ఆరంభమైన రీసెర్చి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే కార్యక్రమం ఇటువంటి వాటిలో ప్రసిద్ధమైనది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆరు వారాలు జరిగే ఆ శిబిరానికి విద్యార్థి నుండి రుసుము తీసుకోరు. అక్కడ ఎంపికలో విద్యార్థి వ్రాసిన వ్యాసాలకూ, ఉపాధ్యాయులు వ్రాసిన అభిప్రాయాలకూ పెద్ద స్థానం ఉన్నది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో అటువంటి శిబిరాల పేర్లు వినని ఇల్లు అరుదు. మన దేశంలో, మనకు అందుబాటులో ఉన్నదానిని చెప్పవలెనంటే, ముందుగా చెప్పవలసినది భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అంటే ఇస్రో, నిర్వహించే యువ విజ్ఞాని కార్యక్రమ్. దీనినే పొట్టిగా యువికా అంటున్నారు. ఇది 2019లో మొదలైనది. మహమ్మారి కారణంగా రెండేళ్లు ఆగి, 2022లో తిరిగి జరిగినది. రమారమి రెండు వారాలు, మే నెలలో, ఇస్రో కేంద్రాలలో జరుగుతుంది. ఆతిథ్యమిచ్చే కేంద్రాలలో తిరువనంతపురం, బెంగుళూరు, అహమ్మదాబాదు మొదలైనవాటితో పాటు హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కూడా ఉన్నది. ఉపన్యాసాలు, ప్రయోగశాలల సందర్శనం, చిన్న రాకెట్టు నమూనాల తయారీ, రాత్రివేళ ఆకాశ దర్శనం, శాస్త్రజ్ఞులతో ముఖాముఖి సంభాషణ – ఇవి ఆ రెండు వారాల దినచర్య.

ఈ కార్యక్రమానికి అర్హత ఒక్క తరగతికే. ఆ ఏడాది జనవరి 1వ తేదీ నాటికి తొమ్మిదవ తరగతి చదువుతున్న వారు మాత్రమే దరఖాస్తు చేయవచ్చును. ఎనిమిదివారికి ఇంకా సమయం రాలేదు. పదివారికి సమయం దాటిపోయినది. అంటే ఒక విద్యార్థికి జీవితంలో ఈ అవకాశం ఒక్కసారే వస్తుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అనుకునే వీలు లేదు. ఈ చిన్న సంగతి తెలియక ఎందరో తెలివిగల పిల్లలు దరఖాస్తు చేయకుండానే తొమ్మిదవ తరగతి దాటిపోతున్నారు. ప్రకటన సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడుతుంది. మన ఇళ్లలో ఆ రోజులు వార్షిక పరీక్షల హడావుడి రోజులు. అందుచేత దృష్టి అటు పోదు. తొమ్మిదవ తరగతిలో బిడ్డ ఉన్న ప్రతి ఇల్లూ ఫిబ్రవరి నెల మొదలుకొని ఇస్రో ప్రకటన కోసం కనిపెట్టి ఉండవలెను.

ఇక ఎంపిక ఎట్లా జరుగుతుంది? ఇక్కడ వ్యాసాలు లేవు, సిఫారసు ఉత్తరాలు లేవు. కొన్ని అంశాలకు ఇన్ని మార్కులని ముందుగానే నిర్ణయించి ప్రకటిస్తారు. 2023, 2024 సంవత్సరాల ప్రకటనలను చూస్తే ఆ లెక్క ఇట్లా ఉన్నది. మొత్తం నూరు పాళ్లలో, ఎనిమిదవ తరగతిలో తెచ్చుకున్న మార్కులకు 50. ఇస్రోవారు ఇంటర్నెట్‌లో నిర్వహించే ప్రశ్నోత్తర పోటీకి 10. గత మూడు సంవత్సరాలలో విజ్ఞాన ప్రదర్శనలో పాల్గొన్నందుకు, పాఠశాల స్థాయి అయితే 2, జిల్లా స్థాయి అయితే 5, రాష్ట్రస్థాయి లేదా ఆ పైన అయితే 10. ఒలింపియాడ్ వంటి పోటీలలో మొదటి మూడు స్థానాలలో నిలిచినందుకు స్థాయిని బట్టి 2, 4, లేదా 5. ఆటల పోటీలలో గెలిచినందుకు అదే విధంగా 2, 4, లేదా 5. స్కౌట్లు, గైడ్లు, ఎన్.సి.సి. వంటి సంస్థలలో సభ్యత్వానికి 5. ఇక చివరిది, పంచాయతీ ప్రాంతంలోని గ్రామీణ పాఠశాలలో చదువుతున్నందుకు 15. దీనికి తోడు ప్రతి రాష్ట్రం నుండి, ప్రతి కేంద్రపాలిత ప్రాంతం నుండి కొందరైనా ఉండేటట్లు చూస్తారు. ఏటేటా స్వల్పమైన మార్పులు ఉండవచ్చును గనుక, ఆ సంవత్సరపు ప్రకటనను మొదటి నుండి చివరి వరకు చదివి తీరవలెను.

ఈ లెక్కను ఒక ఊరికి అన్వయించి చూద్దాము. మేడ్చల్ దాపున గౌడవెల్లి అనే ఊరు ఉన్నది. సికిందరాబాదు నుండి మేడ్చల్ వెళ్లే రైలుమార్గంలో గుండ్లపోచంపల్లికీ మేడ్చల్‌కూ నడుమ దాని స్టేషను. ఒకప్పుడు ఈ చుట్టుపట్ల ప్రాంతమంతా ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు వచ్చినది, 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు మేడ్చల్ వరకు వచ్చినవి, పంటచేలు ఇళ్లస్థలాలైనవి. 2024 సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు పరిసరాలలోని గ్రామపంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీలలో కలిపినప్పుడు, గౌడవెల్లి కూడా గుండ్లపోచంపల్లి మున్సిపాలిటీలో చేరినది. పన్నులు, రోడ్లు, మంచినీటి సరఫరా – ఈ మార్పును గురించి పెద్దలు మాట్లాడుకునే విషయాలు ఇవి. కాని ఆ ఊరి బడిలో తొమ్మిదవ తరగతి చదివే పిల్లకు దీనిలో మరొక విషయం ఉన్నది. పంచాయతీ ప్రాంతపు పాఠశాల అన్న మాట మీద వచ్చే ఆ 15 పాళ్లు ఆమెకు ఇక వర్తించకపోవచ్చును. బడి అదే, బెంచీలు అవే, ఇంటి నుండి నడిచే దారి అదే. ఊరి పేరు ఒక జాబితా నుండి మరొక జాబితాలోకి మారినది, అంతే. నగరంలోని పెద్ద పాఠశాలలలో ఉండే ప్రయోగశాల గాని, శిక్షణ గాని ఆ మార్పుతోపాటు ఆమె బడికి నడిచి రాలేదు. నగరపు అంచున ఉన్న ఎన్నో ఊళ్ల పిల్లల పరిస్థితి నేడు ఇదే.

ఇది అన్యాయమని వాపోవచ్చును. గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదని సమాధానపడనూ వచ్చును. ఆ వాదం నేటి ప్రసంగానికి అవసరం లేదు. మనకు కావలసినది ఆ పిల్ల ఏమి చేయవలెనన్నది. ముందుగా, దరఖాస్తులో బడి ఉన్న ప్రాంతాన్ని గురించి అడిగినచోట ప్రధానోపాధ్యాయులను సంప్రదించి, ఆనాటికి ఉన్న వాస్తవాన్ని మాత్రమే వ్రాయవలెను. నిన్నటిదాకా పంచాయతీయే కదా అని పాత సంగతి వ్రాస్తే, పత్రాలు సరిచూసినప్పుడు మొత్తం దరఖాస్తుకే ముప్పు. తరువాత, మిగిలిన 85 పాళ్లను శ్రద్ధగా చూడవలెను.

ఒక ఉదాహరణ చెబుతాను. నగరంలో చదివే ఒక బాలునికి ఎనిమిదవ తరగతిలో నూటికి 95 మార్కులు వచ్చినవనుకుందాము. అందులో సగం, అంటే 47న్నర పాళ్లు. ఇంటర్నెట్ పోటీలో అతనికి 8 వచ్చినవనుకుంటే మొత్తం 55న్నర. అతడు చదువు తప్ప మరి దేనిలోనూ పాల్గొనలేదు గనుక అక్కడితో సరి. ఇక ఊరి బడిలో ఒక బాలిక. ఆమెకు నూటికి 86 మార్కులు, అంటే 43 పాళ్లు. పోటీలో 6. జిల్లా విజ్ఞాన ప్రదర్శనలో పాల్గొన్నది, 5. గైడ్ల దళంలో సభ్యురాలు, 5. మొత్తం 59. గ్రామీణ పాఠశాలకు ఇచ్చే 15 ఉంటే 74 అయ్యేవి. అవి లేకపోయినా ఆమె అతనికంటె మూడున్నర పాళ్లు ముందే ఉన్నది. తొమ్మిది మార్కులు తక్కువ వచ్చిన పిల్లను ముందు నిలిపినవి ఏవి? జిల్లా ప్రదర్శనకు ఆమె మోసుకుపోయిన ఒక చిన్న పరికరము, ఆదివారాలు ఆమె వేసుకున్న గైడ్ల దుస్తులు. ఊరిని బట్టి వచ్చే పాళ్లు ప్రభుత్వపు ఉత్తర్వుతో పోవచ్చును. చేసిన పనిని బట్టి వచ్చే పాళ్లను ఎవరూ తీసివేయలేరు.

అయితే ఈ పని దరఖాస్తు వేసే వారంలో అయ్యేది కాదు. గత మూడు సంవత్సరాలు అని నిబంధన చెబుతున్నది. అంటే ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు. ఫారం నింపే రోజు మార్చిలో రావచ్చును గాని, దానిని నింపడం ఏడవ తరగతి జూన్ నెలలోనే ఆరంభమవుతున్నది. కనుక ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మొదటి మనవి ఇది. బడిలో విజ్ఞాన ప్రదర్శన జరిగితే పిల్లవాని పేరు వ్రాయించండి. బడిలో జరగకపోతే జరిపించమని అడగండి. కేంద్ర ప్రభుత్వపు ఇన్‌స్పైర్ మానక్ పథకం క్రింద ప్రతి పాఠశాలా విద్యార్థుల ఆలోచనలను అయిదింటి వరకు పంపవచ్చును. ఎంపికైన విద్యార్థికి నమూనా తయారు చేయడానికి 10,000 రూపాయలు ఇస్తారు. 1993లో ఆరంభమైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెసు మరొక మంచి వేదిక. పది నుండి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊరి సమస్యనే తీసుకుని పరిశీలించి, తమ భాషలోనే వివరించవచ్చును. రెండవ మనవి, ఇచ్చిన ప్రతి ధ్రువపత్రాన్ని ఒక అట్టసంచిలో పెట్టి భద్రపరచండి. పాల్గొన్నది నిజమే అయినా కాగితం లేకపోతే లెక్కకు రాదు. ప్రధానోపాధ్యాయులు ఈ ధ్రువపత్రాలకు బడిలో ఒక పుస్తకం పెట్టి నమోదు చేస్తే ఎన్నో ఇళ్లకు ఉపకారం చేసినవారవుతారు.

పాళ్ల కోసం ప్రదర్శనలో పాల్గొనడం ఒకటి, నిజంగా ఒక ప్రశ్నను వెంబడించడం మరొకటి. బజారులో కొన్న నమూనాను బల్లమీద పెట్టి, ఎవరో వ్రాసి ఇచ్చిన నాలుగు వాక్యాలు వప్పగించిన పిల్లవానికి ధ్రువపత్రం వస్తుంది గాని, ఒక శాస్త్రజ్ఞుడు ఎదుట కూర్చుని "ఇది ఎందుకిట్లా అయినది?" అని అడిగితే నోట మాట రాదు. ప్రశ్న పెద్దది కానవసరం లేదు. అది తనది కావలెను. పైసా ఖర్చు లేకుండా గౌడవెల్లి వంటి ఊరిలో చేయగల పని ఒకటి చెబుతాను.

నిలువుగా ఉన్న ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాను తీసుకుని, పైభాగం కోసి, ఆ ముక్కను తలక్రిందులు చేసి గరాటువలె దానిలోనే అమర్చండి. సీసా అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది గనుక, అడుగున కొంచెం నీరు పోసి, ఆ నీటి మట్టం వద్ద సున్న అని గీత పెట్టండి. ఆ గీత నుండి పైకి, కొలబద్ద ఆనించి మిల్లీమీటర్ల గీతలు గీయండి. చెట్టుకూ గోడకూ దూరంగా బయట నిలిపితే అది వానకొలత పరికరం. వాతావరణ శాఖవారు ఉదయం ఎనిమిదిన్నరకు కొలత తీసుకుంటారు. పిల్లలూ ఆ వేళకే చూసి, నోటుపుస్తకంలో తేదీ వేసి వ్రాయవలెను. వాన రాని రోజున సున్న వ్రాయవలెను. ఆ సున్నను కూడా విడవకుండా వ్రాయడమే పరిశోధనలో మొదటి పాఠం. జూన్ నుండి సెప్టెంబరు వరకు నాలుగు నెలలు ఇట్లా వ్రాస్తే, ఆ ఊరి వానను గురించి ఆ ఊరిలో ఎవరి వద్దా లేని పుస్తకం ఒక పిల్ల చేతిలో ఉంటుంది.

అక్కడి నుండి ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఒక చదరపు మీటరు చోటులో ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. బడి కప్పు నూరు చదరపు మీటర్లనుకుంటే, 25 మిల్లీమీటర్ల వాన పడిన రోజున ఆ కప్పు మీద పడిన నీరు 2,500 లీటర్లు. అది ఎటు పోయినది? ఊరిలో నీరున్న పాతబావి ఒక్కటి మిగిలి ఉన్నా, పెద్దవారి తోడుతో వెళ్లి, తాడుకు రాయి కట్టి వారానికొకసారి నీటిమట్టం కొలవవచ్చును. వాన పడిన మరునాడే బావిలో నీరు పెరిగినదా? పెరగకపోతే ఎన్నాళ్లకు పెరిగినది? మన ప్రాంతపు నేల అడుగున ఉన్నది గట్టి నల్లసేనపు రాయి, అంటే గ్రానైటు. పైనున్న చివికిన పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. పొలం ఉన్నచోట ఇంకే నీరు, సిమెంటు పరచినచోట ఇంకదు. ఊరు నగరంగా మారుతున్నదన్న మాటకు అర్థమేమిటో ఆ పిల్ల నోటుపుస్తకంలోని అంకెలు చెబుతాయి. ఇది చిన్నపిల్లల ఆట కాదు. భూగర్భజల శాఖవారు చేసేదీ, ఎక్కువ పరికరాలతో, ఎక్కువ బావులలో, ఇదే పని.

ఓర్పును గురించి ఒక మాట. ఇదే సికిందరాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ రోజు సంగతి అందరూ చెబుతారు. దానికి ముందు రెండు సంవత్సరాలు అతడు దోమ తరువాత దోమను సూక్ష్మదర్శిని క్రింద కోసి చూచి, ఏమీ కనపడక, ఏమీ కనపడలేదని వ్రాసుకున్న సంగతి తక్కువమంది చెబుతారు. అతడు వెదికినది సరియైన జాతి దోమలో కాదు. జాతి మార్చి చూచినప్పుడు ఫలితం కనిపించినది. ముందటి రెండేళ్ల వ్రాత లేకపోతే జాతి మార్చవలెనన్న ఊహకు ఆధారమే లేదు. బేగంపేటలో అతని పేర నిలిచిన భవనం నేటికీ ఉన్నది. మేడ్చల్ వైపు పిల్లలకు అది దూరం కాదు. ఒక ఆదివారం తీసుకువెళ్లి చూపవచ్చును.

ఇక దరఖాస్తు వేసే రోజుల సంగతి. యువికాకు ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకోవలెను. తరువాత ప్రశ్నోత్తర పోటీలో పాల్గొనవలెను. ఆ పైన వివరాలు నింపి, ధ్రువపత్రాల ప్రతులు జతపరచవలెను. పాఠశాల అధిపతి సంతకంతో ధ్రువీకరణ కూడా కావలెను. ఇంటిలో కంప్యూటరు లేనివారు మీసేవ కేంద్రానికో, ఇంటర్నెట్ కేంద్రానికో వెళ్లవచ్చును. కాని అక్కడి కుర్రవాని చేతికి కాగితాలన్నీ ఇచ్చి వచ్చేయకండి. పిల్లవాడు పక్కన కూర్చుని ప్రతి అక్షరమూ చూడవలెను. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ బడి రికార్డులో ఎట్లా ఉంటే అట్లాగే ఉండవలెను. ఈమెయిల్ చిరునామా ఇంటివారిదే ఇవ్వండి. కేంద్రం నడిపేవారిది ఇస్తే, ఎంపికైన వార్త మీకు చేరకుండానే గడువు దాటిపోవచ్చును. గడువు చివరి రోజు వరకు ఆగవద్దు. ఆనాడు దేశమంతా ఒకే ద్వారం ముందు నిలబడి ఉంటుంది. ప్రశ్నోత్తర పోటీని పిల్లవానికి బదులు అన్నగారో, మేనమామగారో వ్రాయడం కద్దు. దానివల్ల వచ్చేది మహా అయితే నాలుగు పాళ్లు. పోయేది ఆ పిల్లవానికి తనమీద ఉండవలసిన నమ్మకం.

వ్యాసం వ్రాయమని అడిగే కార్యక్రమాలు కూడా ఉన్నవి గనుక ఒక సూచన. ముందు తెలుగులో ఆలోచించి, తెలుగులోనే వ్రాసుకోండి. "నాకు బాల్యం నుండి విజ్ఞానశాస్త్రమంటే ఎనలేని మక్కువ" అనే వాక్యం వేయిమంది వ్రాస్తారు. "మా బావిలో నీరు వాన వెలిసిన పదకొండవ రోజున పెరిగినది, ఎందుకో నాకు తెలియలేదు" అని వ్రాయగలవాడు ఒక్కడే ఉంటాడు. ఎంపిక చేసేవారు చదివి ఆగేది ఆ వాక్యం దగ్గరనే. ఇంగ్లీషులోకి మార్చడం ఉపాధ్యాయుల సహాయంతో చేయవచ్చును. కాని చెప్పవలసిన సంగతి పిల్లవానిదే కావలెను.

వేసవి పరిశోధన పేరిట వేలు, లక్షలు రుసుము వసూలు చేసే శిబిరాలు కూడా నేడు విరివిగా వెలసినవి. వాటిలో మంచివి లేవనడం లేదు. కాని యువికాలో విద్యార్థికి బస, భోజనం, పాఠ్యసామగ్రి, రాకపోకల ఖర్చు ఇస్రోవారే భరిస్తారు. పిల్లవానిని దిగబెట్టి తీసుకువెళ్లడానికి వచ్చే తల్లి, తండ్రి లేదా సంరక్షకులలో ఒకరి ప్రయాణపు ఖర్చు కూడా నిబంధనల మేరకు ఇస్తారు. పోటీ గట్టిదైన శిబిరాలు ప్రతిభను చూసి పిలుస్తాయి. డబ్బు కట్టగానే చోటిచ్చి, ధ్రువపత్రం ఖాయమని ముందే చెప్పేవారి వద్దకు అప్పుచేసి పిల్లవానిని పంపవలసిన పనిలేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. రెండు వారాలు బయటి ఊరిలోనా అన్న సందేహం సహజమైనది. అడగవలసిన ప్రశ్నలన్నీ అడగండి. బస ఎక్కడ, బాలికలకు వేరు వసతి ఎట్లా ఏర్పాటు చేశారు, వెంట ఉండే పెద్దలెవరు, రోజూ ఇంటికి ఫోను చేసే వీలున్నదా. ఇది ప్రభుత్వ సంస్థ గనుక సమాధానాలు వ్రాతలోనే దొరుకుతాయి. సమాధానాలు తృప్తికరంగా ఉంటే, నలుగురూ ఏమనుకుంటారో అన్న ఒక్క భయంతో మాత్రం ఆపవద్దు. అబ్బాయిని పంపే ఇల్లు అమ్మాయిని కూడా పంపవలెను. ఈ అవకాశం ఇద్దరికీ ఒక్కసారే వస్తుంది.

చివరకు, ఎంపిక కాకపోతే? ఎక్కువమంది ఎంపిక కారు. దేశమంతటి నుండి వచ్చే దరఖాస్తులకు, ఉన్న స్థానాలకు పొంతన లేదు. కనుక జాబితాలో పేరు లేకపోవడం పిల్లవాని బుద్ధిని గురించి చెప్పిన తీర్పు కాదు. ఆ వారం ఇంటిలో పెద్దలు మాట్లాడే మాటలు పిల్లవానికి చాలాకాలం గుర్తుంటాయి. పక్కింటివారి అబ్బాయితో పోల్చి ఒక్కమాట అన్నా, వానకొలత సీసా పెంటమీదికి పోతుంది, నోటుపుస్తకం మూతపడుతుంది. అట్లా కాకుండా, "ఈ ఏడు వానలు పోయిన ఏటికంటె ఎక్కువో తక్కువో చూద్దాము" అని తండ్రి అంటే, మరునాడు ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లవాడు మళ్లీ సీసా దగ్గరకు వెళతాడు.

దరఖాస్తు ప్రయోజనం అందులోనే ఉన్నది. ఎంపికైన వానికి రెండు వారాలు లభిస్తాయి. నిజాయితీతో సిద్ధపడిన ప్రతివానికీ మూడు సంవత్సరాలు లభిస్తాయి. ప్రశ్న వేయడం, కొలవడం, ఉన్నది ఉన్నట్లు వ్రాయడం, తెలియనిది తెలియదనడం – వీటిని నేర్చుకోవడానికి ఏ కేంద్రమూ పిలువనవసరం లేదు. గౌడవెల్లి ఏ జాబితాలో ఉన్నా, అక్కడ వాన కురుస్తూనే ఉంటుంది. దానిని కొలిచే పిల్లలు ఆ ఊరిలో ఇద్దరు ముగ్గురు ఉండేటట్లు చూడడం పెద్దలమైన మన చేతిలో ఉన్నది. ఏడవ తరగతి చదివే బిడ్డ ఉన్న ఇంటివారు ఈ జూన్ నెలలోనే ఆ పనికి పూనుకోవలెనని నా విన్నపం.